సోమవారం మినహా

బందరు, గొడుగుపేట
19-1-1959

చిరంజీవి రూతుకు అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అందులో ఒక తప్పుంది, ముందు అది దిద్దుతాను. నీ కొడుకు వారంలో ఏడు సాయంత్రాలూ పాటల వెంట తిరుగుతున్నాడని రాశావు. ఏడు కాదు, ఆరు. సోమవారం ఈ ఊళ్ళో ఎక్కడా పాట లేదు. బందరు గొంతుకి సోమవారం సెలవు. బస్సు కండక్టరు నాంచారయ్యకి టిక్కెట్లు చింపడం వచ్చినంత బాగా వారాలు లెక్కపెట్టడం రాదు కాబోలు. వాడి మాట పట్టుకుని నువ్వు రెండు పేజీలు ఏడ్చావు.

ఆరని అంత కచ్చితంగా నాకెలా తెలుసంటావేమో. వాడి వెనక నేనూ వెళ్తున్నాను గనక.

ముందు కాపలాకే వెళ్ళాను. సుందరరాజు ట్రైనింగు స్కూలు నుంచి వస్తాడు, కాఫీ తాగుతాడు, వెళ్ళొస్తానన్నట్టు తల ఊపి బయల్దేరతాడు. వాడి నత్తి సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. తల ఊపితే అయ్యే పనికి వాడు నోరు వాడడు. పది గజాల వెనక నేను గొడుగు పట్టుకుని నడుస్తాను. ఎండా లేదు, వానా లేదు, గొడుగెందుకని పక్కింటి ధనమ్మ అడిగింది. మొహం దాచుకోవడానికని చెప్పలేను కదా. కాకులకని చెప్పాను.

మంగళవారం ఆంజనేయస్వామి గుళ్ళో భజన. నేను లోపలికి వెళ్ళను, ఎదురుగా ప్లీడరుగారి అరుగు మీద కూర్చుంటాను. భజన వాళ్ళలో ఒకాయనకి గొంతు లేదు గాని ధైర్యం ఉంది. బుధవారం కోనేరు సెంటరు పక్క సందులో బ్యాండుమేళం వాళ్ళ సాధన. క్లారినెట్టు మంచిది, డప్పు మరీ మంచిది, బాకా వాడిని మాత్రం ఎవరో క్షమించాలి. గురువారం పందిట్లో హరికథ. పోయిన వారం కథలో రాజుగారు అడవికి బయల్దేరాడు, ఈ వారానికి ఇంకా ఊరి పొలిమేర దాటలేదు. అయినా ఒక్కరూ లేవలేదు, నేనూ లేవలేదు. శుక్రవారం మన చర్చిలో పాటల సాధన. శనివారం బజారు దగ్గర బుర్రకథ. ఆదివారం ఆరాధన సరే, సాయంత్రం మంగినపూడి నుంచి వచ్చిన పడవ వాళ్ళు వంతెన దగ్గర కూర్చుని పాడుకుంటారు. అన్నింటిలోకీ అదే బాగుంటుంది, ఎందుకంటే వాళ్ళకి ఎవరైనా వింటున్నారన్న ధ్యాస లేదు.

ముప్ఫై నాలుగేళ్ళు మిషను బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రమైతే కాపీ పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చున్నాను. నా ఊళ్ళో ఇంత సంగీతం ఉందని అరవై ఆరో ఏట తెలిసింది. మన చర్చి అయ్యగారు హరికథ పందిరి దగ్గర నన్ను చూసి, మీరు ఇక్కడ ఏమిటని నెమ్మదిగా అడిగారు. దాసుగారి వ్యాకరణం పరీక్షిస్తున్నానని చెప్పాను. ఎలా ఉందని అడిగి ఆయనా కాసేపు నిలబడ్డారు.

ఇంతకీ మన సుందరరాజు ఏం చేస్తున్నాడంటే, ఏమీ చెయ్యడం లేదు. అందరి వెనకా కూర్చుంటాడు, పెదవులు కదుపుతాడు, తొడ మీద వేళ్ళతో తాళం వేస్తాడు. తాగడు, సిగరెట్టు కాల్చడు, ఏడున్నరకి ఇంటికొస్తాడు. ఏప్రిల్లో గుడివాడలో వాడికి పరీక్ష. ఇన్‌స్పెక్టరు ఎదుట అరగంట సేపు పిల్లలకి పాఠం చెప్పాలి. దిగులు పడాలంటే దాని గురించి పడు. అదెలా గట్టెక్కుతాడో నాకూ తెలియదు.

మీ అమ్మ,
సౌభాగ్యమ్మ


నాగాయలంక
28-1-1959

అమ్మకు రూతు నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

తాగడం లేదు, ఏడున్నరకి ఇంటికొస్తున్నాడు అని రాశావు. వాళ్ళ నాన్నా మొదట్లో ఏడున్నరకే వచ్చేవాడు. బడి పని అయ్యాక కాసేపు హార్మోనియం వాయించి వస్తానని వెళ్ళేవాడు. తర్వాత నాటకాల వాళ్ళతో గుడివాడ వెళ్ళాడు, అక్కణ్ణించి తెనాలి. బడి ఉద్యోగం పోయింది. ఆయాసంతో మంచం పట్టే రోజుకి గాని ఇల్లు గుర్తుకి రాలేదు. ఆ ఎనిమిదేళ్ళూ పగలూ రాత్రీ కాన్పులాస్పత్రిలో డ్యూటీ చేస్తూ ఈ పిల్లాణ్ణి కొన్నాళ్ళు నీ దగ్గరా కొన్నాళ్ళు నా దగ్గరా ఉంచుకుని ఎలా పెంచానో నీకు తెలుసు. మా ఆయన దైవాధీనం మంచివాడు కాదని నేను ఏనాడూ అనలేదు. పాట దగ్గర మనిషి కాకుండా పోయేవాడు, అంతే. వేళ్ళతో తొడ మీద తాళం వేస్తాడని నువ్వు సరదాగా రాశావు. రెండోసారి అక్కడికొచ్చి ఉత్తరం మడిచేశాను.

అసలు మాట నోట్లో తిరగని పిల్లాణ్ణి పంతులు చెయ్యాలన్నది నీ ముచ్చట. నేను వద్దన్నాను. ఇక్కడ రైసుమిల్లు వెంకట్రామయ్యగారు గుమాస్తా కోసం చూస్తున్నారు. నోరు తెరవక్కర్లేని పని, రాసుకుంటూ కూర్చుంటే చాలు. ఫిబ్రవరి ఆఖరు దాకా ఆగుతానన్నారు. అంతలో ఇంకొక్క కబురు ఇలాంటిది వింటే నేనే బస్సెక్కి వచ్చి వాణ్ణి తీసుకొచ్చేస్తాను. నీ గొడుగు నన్ను ఆపలేదు.

రూతు


బందరు
16-2-1959

చిరంజీవి రూతుకు,

ఇంకొక్క కబురు ఇలాంటిది వింటే వస్తానన్నావు. నాంచారయ్య నోట వినేలోగా నా నోటే విను. విని, ఆఖరి దాకా చదివాక, అప్పుడు బస్సెక్కాలో వద్దో తేల్చుకో.

మొన్న శనివారం సాయంత్రం బుర్రకథకి వెళ్ళాను. యలమంద అనే ఆయన కథ చెప్తాడు. పక్కన ఇద్దరు వంతలు, ఒకడు నవ్విస్తాడు, ఇంకొకడు మధ్యలో ప్రశ్నలు వేస్తూ పాట అందుకుంటాడు. రాజు ఎప్పటిలా జనం వెనక ఉంటాడనుకుని వెతికాను. కనపడలేదు. తీరా వేదిక మీద చూద్దును గదా, ప్రశ్నలు వేసే వంత వీడే. కాళ్ళకి గజ్జెలు, భుజాన గుమ్మెట. ఆ రోజు వంతకి జ్వరమొచ్చిందట. నా కళ్ళకి అక్కడ వాడు కనిపించలేదు, మీ ఆయన కనిపించాడు. కింద కూలబడ్డాను. చేతిలో గొడుగు తెరుచుకుని ముందు వరస ఆవిడ జడకి తగిలింది. ఆవిడ అన్న మాటలు రాయను.

ఇంటికి రాగానే నిలబెట్టి అడిగాను. మీ అమ్మ అక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే ఇక్కడ గజ్జె కడతావా, ఎన్నాళ్ళనుంచి ఈ వేషం అని. వాడు నోరు తెరిచాడు. "అ" దగ్గర ఆగిపోయాడు. మెడనరాలు పొంగాయి. నేను ఎప్పుడూ అనేదే అన్నాను.

"కంగారు పడకు. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

వాడు నోరు మూసుకున్నాడు. చెయ్యి కిందికి వదిలి తొడ మీద నాలుగు వేళ్ళతో నెమ్మదిగా దెబ్బ వెయ్యడం మొదలెట్టాడు. నాలుగు దెబ్బలు, మళ్ళీ నాలుగు. ఆ దెబ్బల మీద నడుచుకుంటూ వచ్చినట్టు మాట వచ్చింది.

"అమ్మమ్మా, నువ్వు మళ్ళీ మొదట్నుంచి చెప్పు అనకపోతే, నాకు చివరిదాకా వస్తుంది."

రూతూ, నేను కుర్చీలో కూర్చున్నాను. వాడు చెప్పుకుపోయాడు. భజనలో అందరితో కలిసి పాడుతుంటే తన నోట ఒక్క అక్షరమూ తట్టుకోలేదని పోయిన ఆగస్టులో కనిపెట్టాడట. పాటలో రాని నత్తి మాటలో ఎందుకు రావాలని వెతుక్కుంటూ బయల్దేరాడు. భజన వేగానికి మాట్లాడితే పాఠం పరుగెడుతుంది. చర్చి పాట నడక మరీ నిదానం. హరికథ నడక సరిపోయింది. ఒక గురువారం ధైర్యం చేసి దాసుగారిని కాగితం మీద రాసి అడిగాడట, మీకెప్పుడూ మాట ఆగదా అని. ఆయన నవ్వి, "ఎందుకాగదు నాయనా, ఆగినప్పుడు చిడత మోగిస్తాను. కథ ఆగిందని జనానికి తెలియదు" అన్నాడట. బుర్రకథలో వంత పాడడమే కాదు, "ఆపైన ఏమైందన్నా" అని మామూలు మాటల్లో అడగాలి. యలమందని బతిమాలుకున్నది అందుకు. నేను వాణ్ణి చూసి కూలబడ్డాను గాని విననే లేదు. ఆ గంటసేపూ వాడు ఎక్కడా తడుముకోలేదని, ఆ జనంలోనే ఉన్న ధనమ్మ చెప్పాక తెలిసింది.

వాడికి అయిదో ఏడు వచ్చేదాకా నత్తి లేదు, నీకు గుర్తుందా? నా బళ్ళో చేర్చాక వచ్చింది. మాట తప్పినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాను. బళ్ళో అన్నాను, అన్నం దగ్గర అన్నాను. మంచి పంతులమ్మనని పేరు నాకు. వెయ్యిమంది పిల్లలకి చదవడం నేర్పాను, ఒకడి చేత మాట్లాడడం మాన్పించాను. ఈ సంగతి నీకు రాయడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పటికి మూడు కాగితాలు చింపాను.

వెంకట్రామయ్యగారికి ఏప్రిల్ దాకా ఏ మాటా ఇవ్వకు. వాడు అడగడం కాదు, నువ్వే నన్ను అడుగుతున్నావనుకో. కాదు, తిరగేసి రాశాను. నేను నిన్ను అడుగుతున్నాను.

మీ అమ్మ


నాగాయలంక
3-3-1959

అమ్మకు,

బస్సెక్కలేదు. ఎక్కడానికి సంచి సర్దాను. నీ ఉత్తరం ఆఖరికి వచ్చాక మళ్ళీ విప్పాను.

నువ్వు ఒక సంగతి రాశావు గనక నేనూ ఒకటి రాస్తాను. తప్పంతా నీ మీద వేసుకుని పెద్దమనిషివి అనిపించుకోకు. వాడు నాలుగేళ్ళప్పుడు పొద్దస్తమానం పాడేవాడు. స్నానం దగ్గర, అరుగు మీద, నాలుగు కూనిరాగాలు ఒకదానికొకటి అతికించి. వాళ్ళ నాన్న తెనాలి వెళ్ళిన ఏడాది, ఇంట్లో పాట వినపడకూడదని నేను వాడి నోరు మూశాను. చేత్తోనే మూశాను, అమ్మా. నీ బళ్ళో చేర్చింది ఆ తర్వాత. నువ్వు మాట దిద్దేటప్పటికే వాడికి గాలి ఆడే కిటికీ నేను మూసేశాను.

వెంకట్రామయ్యగారిని అడిగాను. ఏప్రిల్ పదిహేను దాకా చూస్తారట, ఆ పైన వాళ్ళ మేనల్లుణ్ణి పెట్టుకుంటారు. పరీక్ష తప్పితే ఈ పనీ ఉండదు, ఆ పనీ ఉండదు. ఇది వాడికి చెప్పకు.

పాటలకి వెళ్ళనీ. నువ్వూ వెళ్ళు. గొడుగు మాత్రం ఇంట్లో పెట్టు.

రూతు


గుడివాడ
11-4-1959

చిరంజీవి రూతుకు,

ముందు ఒక్క మాట రాసేస్తాను, తర్వాత తీరుబడిగా చదువుకో. అయిపోయింది. బాగా అయింది. గుక్కెడు మంచినీళ్ళు తాగి కూర్చో.

నిన్న శుక్రవారం పరీక్ష. వాడు వద్దంటున్నా వెంట వచ్చాను. బడి హెడ్మిస్ట్రెస్ రత్నం ఒకప్పుడు నా దగ్గర నాలుగో తరగతి చదివిన పిల్లే. ఇప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడుతుంది. వరండాలో కిటికీ పక్కన నాకు కుర్చీ వేయించి, మీరు లోపలికి మాత్రం చూడకండి మేడమ్ అంది. ఒకటి రెండుసార్లు తప్ప చూడకుండా చెవులతోనే ఉన్నాను.

పాఠం కృష్ణానది సముద్రంలో కలిసే తీరు. వాడే ఎంచుకున్నాడు, దివిసీమ తనకి తెలిసిన నేల గదా అని. కాని మొదటి మాటే "కృష్ణ". ఆ అక్షరం వాడికి పాత శత్రువు. లేచి నిలబడ్డాడు, పటం తగిలించాడు, నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గదిలో నలభైమంది పిల్లలు, ఒక ఇన్‌స్పెక్టరు. నా నోటి దాకా "మళ్ళీ" అన్న మాట వచ్చింది. చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. రత్నం చూసి దగ్గేమోనని మంచినీళ్ళు తెప్పించింది.

అప్పుడు కర్ర చప్పుడు వినపడింది. పటం మీద కర్రతో టక్కుమని ఒక దెబ్బ. ఇంకొకటి. అది దాసుగారి చిడత, రూతూ. మూడో దెబ్బకి నది బయల్దేరింది. పులిగడ్డ దగ్గర చీలింది, ఒక పాయ ఇటు, ఒక పాయ అటు, మధ్యలో దివి. ఊరి పేరు వాడు చెప్తే తరగతి మొత్తం అందుకుంటుంది. నలభైమందినీ వంతలుగా పెట్టుకున్నాడు మీ వాడు. ఒక్కచోట ఆగాడు. "ఆపైన?" అని ముందు బల్ల పిల్ల అడిగింది, ఎవరూ నేర్పకుండానే. ఆపైన నాగాయలంక అన్నాడు. నీ ఊరు చెప్పేటప్పుడు వాడి గొంతులో కర్ర అవసరం కూడా లేకపోయింది.

అరగంట. నేను కొంగు తీసి చూసుకుంటే పళ్ళ గుర్తులు పడ్డాయి.

ఇన్‌స్పెక్టరుగారి కాగితం రత్నం చూసి వచ్చి నాకు చెప్పింది. ఉత్తీర్ణుడు. తరగతి చురుగ్గా ఉంది. ఒకే ఒక లోపం రాశారట: పటం మీద కర్ర అవసరానికి మించి వాడాడు. ముప్ఫై నాలుగేళ్ళ నౌకరీలో ఇన్‌స్పెక్టర్లు నా మీద ఎన్నో రాశారు, ఒక్కటీ నచ్చలేదు. ఈ ఒక్క ముక్కని మాత్రం పటం కట్టించుకోవాలని ఉంది.

సాయంత్రం రత్నం వాళ్ళ వీధిలో పెళ్ళివారి సన్నాయి మేళం. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. రోడ్డు వార నిలబడి అంతా విన్నాం. ఎవరి వెనకా ఎవరూ నడవలేదు, పక్కపక్కనే నిలబడ్డాం. ఇన్నాళ్ళూ నేను గొడుగు చాటున వెనక వస్తున్నానని వాడికి మొదటి వారమే తెలుసట.

వెంకట్రామయ్యగారికి నా తరఫున నమస్కారాలు చెప్పి, ఆ మేనల్లుణ్ణి పెట్టుకోమను.

మీ అమ్మ


నాగాయలంక
15-4-1959

అమ్మకు,

మంచినీళ్ళు తాగలేదు. నిలబడే చదివాను, తర్వాత కూర్చుని ఏడ్చాను. అరుపులు లేని ఏడుపు చూసి కాన్పుకొచ్చిన ముత్యాలమ్మ కంగారుపడి తన నొప్పులు మర్చిపోయింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

మేనల్లుడు మిల్లులో చేరాడు. నాకు భారం దిగింది. పదేళ్ళనుంచి ఎత్తుకున్న బరువు, ఎక్కడ దించాలో తెలియక మోస్తున్నాను.

ఒక అబద్ధం కూడా దించేస్తాను. వాళ్ళ నాన్న పోయాక హార్మోనియం అమ్మేశానని నీకు రాశాను. అమ్మలేదు. అటక మీద ఉంది. ఏడాదికోసారి దించి తుడిచి మళ్ళీ పైన పెడతాను. వాయించను. హార్మోనియం మెట్ల మీద గుడ్డ నడిచేటప్పుడు, తిత్తిలో చిక్కిన గాలికి ఒకటో రెండో వాటంతటవే పలుకుతాయి, అంతే.

రూతు


బందరు
20-4-1959, సోమవారం

చిరంజీవి రూతుకు,

హార్మోనియం అమ్మలేదని నాకు అప్పుడే తెలుసు. నువ్వు గేదెని అమ్మితే కొన్నవాడి పేరు, వాడి ఊరు, వాడి మీసం సంగతి కూడా రాసేదానివి. ఆ పెట్టె ఎవరు కొన్నారో ఒక్క ముక్క రాయలేదు. నేను అడగలేదు. నాకూ అప్పుడప్పుడూ నోరు మూసుకోవడం వచ్చు.

రాజు గుడివాడలో రైలెక్కింది మొదలు బందరు స్టేషన్లో దిగే దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. అక్కడక్కడా తట్టుకుంటాడు. కిటికీ చెక్క మీద ఒక దెబ్బ వేస్తాడు, సాగిపోతాడు. నత్తి పోయిందని నేను చెప్పను, దాన్ని దాటే దారి దొరికింది. మధ్యలో నాకు కునుకు పట్టింది. వాడి మాటలకి నిద్రపోయే రోజు వస్తుందని నేను అనుకోలేదు. ఈ సంగతి వాడికి చెప్పకు.

జూన్‌లో ఉద్యోగం వేస్తారట, బంటుమిల్లి వైపు రావచ్చని అంటున్నారు. అంతదాకా మా వారాలు మామూలే. ఇవాళ మాత్రం ఇద్దరం అరుగు మీద ఊరికే కూర్చున్నాం. ధనమ్మ ఇంటి రోకటి పోటు తప్ప ఊళ్ళో చప్పుడు లేదు. దానికే తాళం వేసుకున్నాడు పాపం.

కనక నువ్వు ఒక పని చెయ్యాలి. ఆ పెట్టె అటక మీంచి దించు. ఒక్కదానివీ దించకు, పక్కవాళ్ళని పిలువు. గాలి తిత్తి ఎలకలు కొరికాయేమో విప్పి చూడు. చిన్న చిల్లు అయితే ముట్టుకోకు, ఇక్కడ బ్యాండు వాళ్ళు తోలు అతికిస్తారు. మెట్ల మీద ఎండు వేపాకు పరిచి, పాత దుప్పట్లో చుట్టి, నులకతాడుతో కట్టు. ఆదివారం పొద్దుటి బస్సుకి నాంచారయ్య చేతికివ్వు. టాపు మీద వేయనివ్వద్దు, లోపల తన సీటు పక్కన పెట్టుకోమను. మన ఇంటి కబుర్లు ఇన్ని మోశాడు, ఇదీ మోస్తాడు. ఎండుచేపల గంప దాని దరిదాపుల్లోకి రానివ్వకు. పోయినసారి నువ్వు పంపిన దుప్పటి, వాసన చూస్తే ఇప్పటికీ నాగాయలంకలోనే ఉన్నట్టుంది. బస్‌స్టాండుకి రాజు వస్తాడు. ఆదివారం దాటనివ్వకు. సోమవారం సాయంత్రానికి అది మాకు కావాలి.

మీ అమ్మ,
సౌభాగ్యమ్మ